మెడలో బెల్టు లేని కుక్క

కుక్కలకు అన్నం పెట్టేవాళ్ళంతా దిక్కులేనివాళ్ళనే మాట ఎవడు పుట్టించాడో గాని, వాడు కనిపిస్తే నాలుగు దులిపి పంపేదాన్ని. నేను పెట్టింది మిగిలిన అన్నమే కాబట్టి. కార్ఖానా ఏరియాలో మెయిన్ రోడ్డు వదిలి లోపలి సందులో నాకో కర్రీ పాయింటు ఉంది. పొద్దెక్కేసరికి పప్పు, రెండు వేపుళ్ళు, ఒక పులుసు, సాంబారు, పెరుగు పచ్చడి సిద్ధం చెయ్యాలి. కవర్లలో పోసి రబ్బరు బ్యాండు బిగించి ఇవ్వాలి. రూముల్లో ఉండి ఉద్యోగాలు చేసుకునే కుర్రాళ్ళు, వండుకునే ఓపిక లేని ఆడవాళ్ళు మధ్యాహ్నం దాకా ఎగబడతారు. ఆ తర్వాత మిగిలేవి ఈగలే. అప్పుడు షట్టరు సగానికి దించి, అన్నం గిన్నె అడుగు గీకి, వెనక మోరీ పక్కన పెట్టేదాన్ని. పుణ్యం కోసమని కాదు. వండిన చేత్తో పారబోయడానికి మనసొప్పదు, అంతే.

మా వారు పోయాక అద్దె ఇల్లు ఖాళీ చేసి షాపు వెనక గదిలోకి మారాను. పిల్లలు లేరు. గుంటూరు వైపు నుంచి వచ్చి మేమిద్దరమే ఈ షాపు పెట్టాం. ఆయన సామాను తెచ్చేవారు, నేను వండేదాన్ని, వండుతూ రోజంతా ఆయన్ని తిట్టేదాన్ని. పుచ్చు వంకాయలు తెచ్చారని, గ్యాసు బండ అయిపోయేదాకా చెప్పలేదని. ఆయన వినీ విననట్టు ఉల్లిపాయలు ఒలుచుకునేవారు. మనిషికి పలకరించేవాళ్ళు లేకపోయినా రోజు గడుస్తుంది గాని, తిట్టడానికి ఒకళ్ళు లేకపోతే గడవదని ఆయన పోయాకే తెలిసింది. కౌంటరు దగ్గర పొద్దస్తమానం "ఇంకేం కావాలి బాబూ, పచ్చడి వెయ్యనా" అంటూనే ఉంటాను. దాన్ని మాట్లాడటం అంటారా? షట్టరు దించితే నా నోరు కూడా మూతపడేది. మర్నాడు పాలవాడు వచ్చేదాకా మళ్ళీ తెరిచే పని ఉండేది కాదు.

అన్నానికి వచ్చే కుక్కల్లో ఒకటి ఎర్రది. మిగతావి తిని పోయేవి. ఇది పోయేది కాదు. షాపు మెట్టు మీద అడ్డంగా పడుకునేది. "నీ బాబు కట్టించాడా ఈ మెట్టు, లే" అంటే తోక కదిపేది గాని లేచేది కాదు. నేను మిరపకాయలు వేయిస్తుంటే తుమ్ముకుంటూ వీధి అవతలికి పోయి, ఘాటు తగ్గాక వచ్చి మళ్ళీ అక్కడే కూలబడేది. వంకాయ ముట్టుకునేది కాదు, దొండకాయ వేపుడంటే పడి చచ్చేది. కుక్క జన్మెత్తి దొండకాయలేమిట్రా అని దాన్ని నానా తిట్లూ తిట్టేదాన్ని. ఒక చెవి నా వైపు తిప్పి పెట్టుకుని అన్నీ వినేది. కొన్నాళ్ళకు గది గుమ్మంలోకి మారింది. చెప్పుకోవడానికి సిగ్గెందుకు, ఆ కుక్క నా ప్రాణమైపోయింది.

మా ఇంటి ఓనరు పై అంతస్తులో ఉంటుంది. వాళ్ళ తాతల నాటి నుంచి ఇక్కడివాళ్ళే. నాకంటే పెద్దది, నన్ను చెల్లె అంటుంది, నేను అక్కా అంటాను. ఆవిడకు కుక్కలంటే గిట్టదు. అయినా బెల్టు సంగతి చెప్పింది ఆవిడే.

"చెల్లె, గీ నడుమ కుక్కల బండి మస్తు తిరుగుతున్నది. మెడల బెల్టు లేకుంటే ఒక్కదాన్ని సుత ఇడుస్తలేరు. జెర దానికి ఒక బెల్టు గట్టు" అంది.

అప్పటికే మున్సిపాలిటీవాళ్ళు దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, సూది వేసి, గుర్తుగా ఎడమ చెవి కొన కత్తిరించి మా సందులోనే వదిలి ఉన్నారు. చెవి చూస్తే చాలు, మళ్ళీ పట్టుకోకూడదు. కానీ పరుగెత్తే కుక్క చెవి ఎవడు చూస్తాడు? మెడ చూస్తారు. నేను నీలం బెల్టు కొని, దాని మీద తెల్ల పెయింటుతో నా ఫోను నంబరు రాయించి కట్టాను. ఆ తర్వాత బండి మా సందులోకి వచ్చినా దాని జోలికి రాలేదు. బండి చప్పుడు వినపడితే నేను గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చేదాన్ని. బండివాళ్ళు బెల్టు చూసి, నన్ను చూసి, ముందుకు పోయేవాళ్ళు.

సినిమా డైరెక్టరని తెలియకముందు ఆ అబ్బాయి నాకు బేరంగానే తెలుసు. సన్నగా, గడ్డంతో, రోజూ పప్పు ఒక్కటే కొనుక్కుపోయే కుర్రాడు. ఒకరోజు పప్పు కవరు చేతిలో పెట్టుకుని మెట్టు దగ్గరే నిలబడిపోయాడు. నేను లోపల గిన్నెలు తోముతూ కుక్కతో పోట్లాడుతున్నాను. అంతా విన్నాడు.

"ఆంటీ, నేనొక సినిమా తీస్తున్న. దాంట్ల కుక్క ఉంటది. మీ కుక్కనిస్తరా?" అన్నాడు.

"కథేమిటి?"

"ఒక రిటైర్డ్ రైల్వే గార్డు. లాలాగూడల ఒక్కడే ఉంటడు. వీధి కుక్కలు వస్తుంటయ్, పోతుంటయ్. అంతే ఆంటీ."

"అంతేనా? చివరికి ఏమవుతుంది?"

"ఏం గాదు. ఒంటరితనం గురించి సినిమా అది."

"పాటలున్నాయా?"

"లేవు."

"దానికి టిక్కెట్టు కొనేదెవరు నాయనా, నేనైతే కొనను" అన్నాను. అతను నవ్వాడు. ఇలాంటి సినిమాలు ఫిల్మ్ ఫెస్టివల్స్‌లో చూస్తారన్నాడు. మంచి పిల్లాడే. కోపం తెచ్చుకోవడం రాని మనిషిని కాదనడం కష్టం. పైగా నిజం చెప్పొద్దూ, మా కుక్క సినిమాలో పడుతుందంటే నాకూ ఉబలాటంగానే అనిపించింది.

షూటింగు లాలాగూడలో ఒక పాత పెంకుటింట్లో. సాయంత్రపు ఎండ కావాలని మధ్యాహ్నం దాటాకే మొదలుపెట్టేవాళ్ళు. షాపు కట్టేసి, కుక్కని ఆటోలో ఎక్కించుకుని నేనూ పోయేదాన్ని. గార్డు వేషం వేసినాయన నాటకాల్లో పేరున్న మనిషి. పెద్దాయన, పద్ధతైనవాడు. కుక్క ఆయన దగ్గరికి వెళ్ళదే. లుంగీ మడతలో కోడి లివరు పెట్టారు. చల్లగా వెళ్ళి, లివరు తిని, తిరిగి నా కాళ్ళ దగ్గరికే వచ్చి పడుకుంది. యూనిట్ అంతా నవ్వింది. చివరికి నన్ను కెమెరా వెనక నిలబెట్టి పిలవమన్నారు. "రా నాన్నా, రా" అంటే మెట్ల మీద నుంచి లేచి ఉరుక్కుంటూ వచ్చేది. ఆయన పిలిచినట్టు తర్వాత అతికిస్తామన్నారు.

మిగతా సేపు ఆ పెద్దాయన కిటికీలోంచి బయటికి చూసేవాడు. ఒకే చూపు పూటంతా తీసేవాళ్ళు. ఒంటరితనమంటే కిటికీలోంచి చూడటమని ఆ పిల్లాడికి ఎవరు చెప్పారో. "ఈయన అంట్లు ఎప్పుడు తోముకుంటాడు?" అని అడిగాను. నాకైతే కిటికీ దగ్గర నిలబడే తీరిక ఏ రోజూ దొరకలేదు. ఒక కంచం, ఒక గ్లాసు తోమి బోర్లించేటప్పుడు మాత్రం ప్రాణం ఉసూరుమనేది.

బెల్టు గొడవ మొదటి రోజే వచ్చింది. అసిస్టెంటు అమ్మాయి కుక్క మెడ దగ్గర కూచుని బెల్టు విప్పుతోంది. ఎందుకంటే, కథలో అది ఎవరి కుక్కా కాదట. బెల్టు ఉంటే ఎవరో ఉన్నట్టే కదా ఆంటీ అంది. సరే, షూటింగు అయ్యేదాకా తీసి పక్కన పెట్టు అన్నాను. బెల్టు తీస్తే మెడ చుట్టూ బొచ్చు అణిగి గీత పడి ఉంది. ఆ గీత కెమెరాకి తెలుస్తోందని దువ్వెనతో దువ్వారు, తడిపారు, ఫ్యాను పెట్టారు. ఆ రోజు షూటింగు ఆ గీత కోసమే ఆగిపోయింది. మర్నాటికి బొచ్చు లేచింది గాని, ఇంక ఆ బెల్టు మళ్ళీ కట్టొద్దని అందరూ నా మీద పడ్డారు.

సగం సినిమా అయ్యాక పెద్దాయనకు వేరే పని తగిలి షూటింగు ఆపారు. మిగతాది కొన్ని వారాల తర్వాతట. ఆ నడుమ కూడా బెల్టు కట్టొద్దన్నారు. గీత పడితే ముందు తీసినదానికీ తర్వాత తీసేదానికీ కుక్క మెడ కలవదట. కంటిన్యుటీ అంటారట దాన్ని.

"కుక్కల బండి వస్తే మీ కంటిన్యుటీ వచ్చి అడ్డం పడుకుంటుందా?" అని అడిగాను.

"నేను చూస్కుంటా ఆంటీ. ఎవరన్న వస్తే నాకు ఫోన్ చెయ్యుండ్రి, షూటింగ్ కుక్క అని చెప్త" అన్నాడు డైరెక్టరు.

బెల్టైనా నా దగ్గర ఉంచుకుందామని అడిగితే, అసిస్టెంటు అమ్మాయి దాన్ని అప్పటికే ఒక కవర్లో వేసి, చీటీ అంటించి, తమ సామాను పెట్టెలో పెట్టేసింది. భద్రంగా ఉంటుందంది. మరొకటి కొనలేకనా? కట్టనని వాళ్ళకు మాటిచ్చాను. ఇచ్చిన మాట మీద నిలబడే పాడు అలవాటు మా ఇంటావంటా ఉంది. పైగా ఆ పిల్లాడు అప్పు చేసి తీస్తున్నాడని యూనిట్‌లో అనుకోగా విన్నాను. కుక్క మెడ మీద గీత వల్ల వాడి సినిమా పాడైందన్న మాట నాకెందుకని ఊరుకున్నాను. అక్క మాత్రం పై నుంచి బట్టలారేస్తూ రోజూ అడిగేది. "బెల్టు ఏదే చెల్లె?" అని. సినిమావాళ్ళ దగ్గర ఉందంటే, "నీకు దిమాక్ లేదు, వాళ్ళకు లేదు" అని లోపలికి పోయేది.

బండి వచ్చిన పొద్దున నేను మోండా మార్కెట్లో ఉన్నాను. టమాటా దిగుబడి ఎక్కువై చవగ్గా పోస్తున్నారంటే రెండు గంపలు కొన్నాను. ఆటో దిగేసరికి మెట్టు ఖాళీగా ఉంది. తుమ్ముకుంటూ ఎక్కడికో పోయిందిలే అనుకోవడానికి నేను ఇంకా మిరపకాయలు వేయించనే లేదు. అక్క కిందికి దిగి వచ్చింది. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ మెట్లు దిగడం నేనెప్పుడో గాని చూడను.

"బండి వచ్చిందే చెల్లె. మూల మీద ఎవన్నో స్కూటరోన్ని కుక్క కరిచిందంట, ఎవలో ఫోన్ జేసిండ్రు. గిది కాదు కరిచింది, గిది మా కిరాయికున్నామెది అని జెప్పిన. బెల్టు ఏదమ్మా అన్నడు. ఏం జెప్పాలె నేను? సినిమావోళ్ళు తీస్కపోయిండ్రంటే నవ్విండు. చెవి సుత సూపిచ్చిన. పైకెల్లి కంప్లైంట్ ఉంది, తీస్కపోవుడే అన్నడు. నీకు ఫోన్ జేస్తే ఎత్తకపోతివి."

మార్కెట్టు రొదలో ఫోను వినపడలేదు. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. కుక్కలంటే గిట్టని మనిషి ఏడుస్తుంటే నేను గంపలు మెట్టు మీదే దించేశాను. "అది ఊకెనే కూసుంది చెల్లె, ఉరకలే. వాళ్ళు దగ్గరికొస్తే తోక ఊపింది" అంది. ఆ రోజు షాపు తెరవలేదు. టమాటాలు గంపల్లోనే కుళ్ళాయి.

డైరెక్టరుకు ఫోను చేస్తే ఉన్నపళంగా కారు వేసుకుని వచ్చాడు, అది ఒప్పుకోవాలి. కుక్కల్ని ఉంచే చోటు ఊరి చివర, అదెక్కడో కనుక్కుని వెళ్ళేసరికి రెండు రోజులు పట్టింది. దారి పొడుగునా ఏదో చెప్పబోయాడు, నేను వినలేదు. అక్కడ రేకుల షెడ్డు, ఇనప జాలీలు, ఒకదాని మీద ఒకటి పడి అరిచే కుక్కలు. ఫినాయిల్ వాసనకి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను. ప్రతి జాలీ దగ్గరా నిలబడి పిలిచాను. ఎర్రవి చాలా ఉన్నాయి. అన్నీ తలెత్తి చూశాయి గాని అది లేదు. అక్కడ పనిచేసే అతన్ని అడిగితే మర్యాదగానే చెప్పాడు.

"చెవి కట్ అయిన కుక్కల్ని మేం పెట్టుకోమమ్మా, వాటికి ఆపరేషన్ అయింది గద. బండిల తీస్కపోయి ఇడిసిపెట్టినం."

"ఎక్కడ?"

"ఏ గల్లీలకెల్లి తెస్తే ఆ గల్లీలనే ఇడుస్తం. గా దినం మూడు నాలుగు ఏరియాలయి కలిసినయ్. బెల్టు మీద నంబర్ ఉంటే ఫోన్ జేస్తుంటిమి. ఏడ దిగిందో యాదికి లేదమ్మా. బన్సీలాల్‌పేట్ దిక్కు కొన్ని దింపినం."

డైరెక్టరు తల దించుకున్నాడు. "తప్పు నాది ఆంటీ" అన్నాడు. "తప్పు ఎవరిదైతే నాకేం, కుక్క ఏదీ?" అన్నాను. నా గొంతు నాకే కీచుగా వినిపించింది. ఆ అబ్బాయిని కొట్టాలనిపించింది. కొడితే కుక్క వస్తుందంటే కొట్టేసేదాన్నే.

ఆ తర్వాత రోజూ షాపు కట్టేసి బన్సీలాల్‌పేట్ పోయేదాన్ని. మెట్ల బావి చుట్టూ సందులు, అవతల ఇరుకు గల్లీలు, చెత్తకుండీల పక్కలు, పడిపోయిన గోడల వెనకలు. దొండకాయ వేపుడు కవర్లో కట్టుకుని, "రా నాన్నా, రా" అని పిలుస్తూ తిరిగేదాన్ని. పిల్లెవరైనా తప్పిపోయారా అమ్మా అని ఆడవాళ్ళు గుమ్మాల్లోంచి అడిగేవాళ్ళు. కుక్క అంటే లోపలికి పోయేవాళ్ళు. ఏ గల్లీ కుక్కలు ఆ గల్లీవి. కొత్త మనిషినైన నా మీదికే మొరుగుతూ వస్తే, కొత్త కుక్కని ఏం చేసి ఉంటాయో ఆలోచించకుండా ఉండటానికి గట్టిగా పిలిచేదాన్ని.

ఒక చాయ్ బండి అతను చూశానన్నాడు. ఎర్రది, చెవి కొన తెగింది, మెడ చుట్టూ లేతగా గీతలాగా ఉంది అన్నాడు. అన్ని రోజులైనా, అంత దువ్వినా, ఆ గీత పూర్తిగా పోలేదన్నమాట. "ఇక్కడి కుక్కలు మీద పడ్డయమ్మా. బాగ కరిచినయ్. వెనక కాలు ఈడ్చుకుంట గా పెద్ద రోడ్డు దిక్కు ఉరికింది" అన్నాడు. ఎప్పుడు అంటే చెప్పలేకపోయాడు. పెద్ద రోడ్డు మీద బస్సులు, లారీలు ఆగకుండా పోతూనే ఉన్నాయి. ఆ రోడ్డు అంచున చాలాసేపు నిలబడ్డాను. అవతలి వైపూ వెతికాను. మోకాళ్ళు మొరాయించేదాకా వెతికాను. ఒకరోజు షాపు కట్టేసి వెళ్ళకుండా మంచం మీద పడుకున్నాను. మర్నాడూ వెళ్ళలేదు.

సినిమా ఆగలేదు. ఇంకో ఎర్ర కుక్కని పట్టుకొచ్చి మిగతాది తీశారని విన్నాను. తెర మీద తేడా తెలియదట. అసిస్టెంటు అమ్మాయి బెల్టు తెచ్చి ఇవ్వబోయింది, చీటీ కూడా అలాగే ఉంది. "అది మీ సామాను, మీరే ఉంచుకోండి" అని షట్టరు దించేశాను. అక్క అప్పుడప్పుడూ కిందికి దిగి మెట్టు మీద కూచునేది. మిగిలిన అన్నం వెనక మోరీ పక్కన పెట్టి, కుక్కలు వచ్చేలోపు లోపలికి వచ్చేసేదాన్ని.

చాన్నాళ్ళకు డైరెక్టరు ఫోను చేశాడు. అడగడానికి సిగ్గుపడుతూ అడిగాడు. ఆ రోజు నేను కెమెరా వెనక నుంచి పిలిచిన పిలుపు తీసేసి పెద్దాయన గొంతు పెట్టి చూశాడట, కుదరలేదట. గార్డు భార్య పోయింది కథలో. ఇంట్లోంచి ఎవరో ఆడమనిషి పిలిచినట్టు, దానికి కుక్క లేచినట్టు ఉంటే బాగుంటుందని అనిపించిందట. కానీ అప్పటి నా గొంతులో జనరేటరు మోత కలిసిపోయింది. వచ్చి మళ్ళీ ఒకసారి పిలిచి వెళ్తారా అన్నాడు.

సిగ్గూ ఎగ్గూ లేదా అని అరిచాను. ఫోను పెట్టేశాను. కాసేపటికి నేనే మళ్ళీ చేసి ఎప్పుడు రావాలని అడిగాను. ఎందుకంటే నా దగ్గర దాని ఫొటో ఒక్కటీ లేదు. గుమ్మంలో పడుకునే కుక్కకి ఫొటో ఎవరు తీస్తారు?

డబ్బింగు స్టూడియో అంటే చిన్న చీకటి గది. నన్ను మైకు ముందు నిలబెట్టి చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించారు. ఎదురుగా తెర. అద్దం అవతల డైరెక్టరూ, సౌండు చూసే అతనూ. చెవుల్లో మూడు సార్లు బీప్ అంటుందనీ, మూడోదాని తర్వాత పిలవమనీ చెప్పారు.

తెర మీద లాలాగూడ ఇల్లు వచ్చింది. మెట్ల మీద అది పడుకుని ఉంది. మెడ బోసిగా ఉంది. బీప్‌లు అయిపోయాయి. అది తల ఎత్తి, లేచి, నేను పిలవకుండానే పరుగెత్తుకొచ్చింది.

"మల్లొకసారి వేస్త అమ్మా" అన్నాడు సౌండు అతను. బొమ్మ వెనక్కి పోయింది. మళ్ళీ మెట్ల మీద పడుకుంది.

ఈసారి బీప్‌లు ఆగగానే, "ఎక్కడ చచ్చావురా ఇన్నాళ్ళూ" అన్నాను.

"డైలాగ్ అది కాదమ్మా" అన్నాడతను చెవుల్లో, మెల్లగా. "రా నాన్నా, రా. అంతే."

మూడోసారి పిలిచాను. చెవి ఇటు తిరిగింది. తల లేచింది. మెట్లు దిగి, తోక ఊపుకుంటూ, నోరు తెరుచుకుని, సూటిగా నా మీదికి పరుగెత్తుకొచ్చింది. తెరంతా దాని మొహమే అయింది. అక్కడితో బొమ్మ ఆగిపోయింది.

"ఓకే అమ్మా, మంచిగొచ్చింది. అయిపోయింది" అన్నాడు సౌండు అతను.

"బాగా రాలేదు. మళ్ళీ వెయ్యి" అన్నాను.

అతను డైరెక్టరు వైపు చూశాడు. డైరెక్టరు నా వైపు చూడకుండా, వెయ్యమన్నట్టు చెయ్యి ఊపాడు. కుక్క మళ్ళీ మెట్ల మీద పడుకుంది. నేను పిలిచాను. లేచి వచ్చింది. మళ్ళీ వెయ్యమన్నాను.